రెండో శనివారం తెరిచిన ఖాతా

సోమవారం

నీళ్ళు బాగానే ఉన్నాయి. నేనే బాగాలేను.

ఈ లాగ్‌లో ట్యాంకుల మట్టం, ఫిల్టర్ల సంగతి, పైపుల్లో ఒత్తిడి రాయాలని రూలు. ఆ అంకెలు యంత్రమే నింపుకుంటుంది. కింద మిగిలిన చోటంతా నాది. పదకొండేళ్ళుగా ఈ కుజుడి మీద నీళ్ళ ప్లాంటులో లాగ్ రాస్తున్నాను, ఒక్కడంటే ఒక్కడు చదివిన పాపాన పోలేదు. చదివేవాడే ఉంటే ఆ మూడో ఫిల్టరు ఎప్పుడో మార్చేవాళ్ళు.

ఇవాళ డాక్టర్ ఫిలోమినా పిలిచింది. వదినని బయట కూర్చోబెట్టి నన్నొక్కదాన్నే లోపలికి రమ్మంది. ఇక్కడ మనిషి మూడోవంతు బరువే తూగుతాడు కదా, దాంతో కొందరి గుండె పని మర్చిపోతుందట. వదిన గుండె అలా బద్ధకించింది. మందులతో ఇక లాభం లేదు, ఈసారి వచ్చే ఓడలో భూమికి పంపెయ్యి, దారిలోనే మెల్లగా బరువు అలవాటు చేస్తారు అంది.

"తర్వాతి ఓడకి పంపితే?" అన్నాను. తర్వాతి ఓడంటే రెండేళ్ళ పైమాటే.

"హైమవతీ, అప్పటికి ఆవిడ ఉంటుందని నేను చెప్పలేను" అంది. ఆ మాట అంటూ నా మొహం చూడలేదు.

వదినంటే మా అన్నయ్య భార్య, చంద్రకళ. ముగ్గురం కలిసే వచ్చాం ఇక్కడికి. సొరంగం కూలి అన్నయ్య పోయాడు. అప్పట్నుంచి ఒకే గదిలో మేమిద్దరం, ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటూ బతుకుతున్నాం. కుజదోషం ఉందని నాకు సంబంధాలన్నీ తప్పిపోయాయి, చివరికి కుజుడి మీదకే వచ్చి పడ్డాను. "దోషం నీది కాదే, నిన్ను మొయ్యాల్సొచ్చిన ఆ కుజుడిది, పాపం" అంటుంది వదిన.

ఓడ కంపెనీవాళ్ళు మాకు జీతంగా ఇచ్చే స్థావరం టోకెన్లు ముట్టుకోరు. భూమ్మీద బ్యాంకులో రూపాయల ఖాతా ఉండాలి. అదీ ప్రయాణికుడిదో, ఇంట్లోవాళ్ళదో అయ్యుండాలి. మా పాత ఖాతాలు పదేళ్ళు ముట్టుకోలేదని బ్యాంకువాళ్ళు ఎప్పుడో మూసిపారేశారు. వదిన ఏడాదిగా డ్యూటీకి వెళ్ళడం లేదు కాబట్టి ఆవిడకి కొత్త ఖాతా ఇవ్వరు. నా పేరు మీద తెరవాలి. నంబరొకటి చూపిస్తే స్థావరం ఆఫీసు నా టోకెన్లన్నీ రూపాయలు చేసి పంపుతుంది. ఖాతా లేకపోతే ఆ టోకెన్లతో క్యాంటీన్లో ట్రేలలో పెంచిన గోంగూర కొనుక్కోవాలి, అంతే.

ఉన్నదంతా ఊడ్చినా ఒక్క టికెట్టే వస్తుంది. ఆ సంగతి వదినకి చెప్పలేదు. "నువ్వు ముందు పద, నేను తర్వాతి ఓడకి వస్తా" అన్నాను. నెలాఖరుకి బుకింగు మూసేస్తారు.

బుధవారం

నీళ్ళున్నాయి. మూడో ఫిల్టరు మొరాయించింది. తన్నాను, పనిచేసింది.

చీరాలలో మా పాత శాఖకే 'గ్రహాంతర నివాసి ఖాతా' కావాలని దరఖాస్తు పెట్టాను. కాగితాలన్నీ ఒప్పుకున్నారు. ఇక వీడియోలో మనిషిని చూడటమే మిగిలింది. ఫొటోలు పెట్టి మోసం చేసేవాళ్ళున్నారట, అందుకని అధికారి అడిగితే అప్పటికప్పుడు చెయ్యాలి. తల తిప్పమంటే తిప్పాలి, వేళ్ళు చూపించమంటే చూపించాలి. పది సెకన్లలో కదలకపోతే యంత్రమే లైను కోసేస్తుంది.

పది సెకన్లట! ఇక్కణ్ణుంచి మాట భూమికి చేరడానికే పావుగంట. అక్కణ్ణుంచి రావడానికి ఇంకో పావుగంట.

అయినా జుట్టు దువ్వుకుని, వదిన బలవంతాన బొట్టు పెడితే పెట్టించుకుని కూర్చున్నాను. తెరమీద ఒకాయన కనిపించాడు. యాభై దాటిన మనిషి, బట్టతల, మెడలో బ్యాంకు కార్డు. "నమస్కారమండీ, నా పేరు శేషఫణి. మీ తల కొంచెం ఎడమవైపు తిప్పండి" అన్నాడు. తిప్పాను. "మేడమ్? వినిపిస్తోందా మేడమ్?" అన్నాడు. "ఆఁ" అంటూ తలూపాను. తెర నల్లబడింది. ఖాతాదారు స్పందించలేదు, అని అక్షరాలు వచ్చాయి.

నేనింకా తల ఎడమకే పెట్టుకుని ఉన్నాను. మంచం మీంచి వదిన, "మెడ పట్టేసిందా ఏమే? ఆయన లైను కోసేసి పావుగంటైంది. ఎవరికి చూపిస్తున్నావ్ ఆ సోకు?" అంది. నవ్వితే ఆయాసం ఆవిడకి. అయినా నవ్వింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

హెల్ప్‌లైనుకి మెసేజి పెట్టాను. "దయచేసి సిగ్నల్ బాగున్న చోటికి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించండి" అని జవాబొచ్చింది. సిగ్నల్ బాగున్న చోటంటే భూమే. వదినని అక్కడికి పంపడానికేగా నాయనా, ఈ ఖాతా!

శుక్రవారం

నీళ్ళకేం, భేషుగ్గా ఉన్నాయి.

పంపులు బాగుచేసే దస్తగిరి ఒక ఉపాయం చెప్పాడు. వాడిది కదిరి. వాడూ ఇదే ఖాతా కోసం రెండుసార్లు తల బాదుకుని వదిలేశాడు. "అక్కా, వాళ్ళు అడిగే ప్రశ్నలు ఐదు ముందే పంపిచ్చినారు కదా. వరస మారదు. మనం ఇంటికి మాట్లాడినట్టే మాట్లాడేయ్. ఆయన అడిగే టయానికి నీ జవాబు ఆడికి పోయి చేరేటట్టు చూస్కో. ఆరోది మాత్రం చెప్పరంట, అంతదాకా పోతే ఆరోది దేవుడు చూస్కుంటాడు" అన్నాడు.

నాకెందుకు తట్టలేదో! ఇక్కడ మేమంతా ముందుజవాబు మనుషులమే కదా. ఇంటికి ఫోను చేసి బాగున్నావా అంటే, బాగున్నానన్న మాట రావడానికి అరగంట. అంతసేపు ఎవరు కూర్చుంటారు? అందుకని వాళ్ళేం అడుగుతారో ఊహించుకుని అన్నిటికీ ఒకేసారి చెప్పేసి పనిలో పడతాం. వదిన వాళ్ళ అక్కతో మాట్లాడటం వినాలి. "బాగున్నాను, తిన్నాను, చిక్కలేదు, ఇక్కడ అందరూ ఇలాగే ఉంటారు, హైమకి పెళ్ళి ఊసెత్తకు, నీ మోకాలికి ఆ నూనె మానెయ్యి, ఉంటానే." అవతల ఆవిడ కూడా అంతే. ఆ రెండూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటిపోతాయి.

ఈ రోగం ముదిరిపోయింది. క్యాంటీన్లోకి అడుగుపెడితే చాలు, వడ్డించేవాడు "లేదు, అయిపోయింది, రేపు" అంటాడు. పక్కగది మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుంటే ఒకళ్ళే ఇద్దరి మాటలూ అనేసి, అలిగి పడుకుంటారు. రెండోవాళ్ళకి నోరు తెరిచే పని కూడా ఉండదు.

సాయంత్రమంతా అభ్యాసం చేశాం. వదిన గరిటె పట్టుకుని బ్యాంకు అధికారి అయింది. "ఏమ్మా, మీ అమ్మ పేరు? గట్టిగా చెప్పు, నంగిరిగా కాదు!" చాలా రోజుల తర్వాత మా గదిలో నవ్వు వినిపించింది.

మంగళవారం

మూడో ఫిల్టరు చచ్చింది. మార్చాను. రాయడానికి ఓపిక లేదు, అయినా రాస్తున్నాను.

అంతా లెక్క ప్రకారమే పంపాను. నా బొమ్మ వాళ్ళ తెరమీదకి సమయానికే చేరింది. పాడుగాను, శేషఫణి గారికి అప్పుడే దగ్గొచ్చింది. మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, నమస్కారం పెట్టేలోపు నేను అక్కడ తల తిప్పడం అయిపోయింది. ఆయన తల తిప్పమనేసరికి వేళ్ళు చూపిస్తున్నాను. వేళ్ళు చూపించమంటే "సీతారావమ్మ" అంటూ మా అమ్మ పేరు చెబుతున్నాను. అది కూడా నవ్వుమొహంతో.

బ్యాంకు యంత్రం ఊరుకుంటుందా! ఖాతాదారు ప్రశ్నకంటే ముందే జవాబు చెప్పారు, ముందుగా తీసిపెట్టిన వీడియోగా అనుమానిస్తున్నాం, దరఖాస్తు నిలిపివేశాం, అని వచ్చింది. మేం ఎలా బతుకుతామో అలా మాట్లాడితే మోసం అంటున్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. శేషఫణి గారికి మెసేజి పెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. మా వదిన గుండె సంగతి, ఓడ సంగతి, నెలాఖరు సంగతి అన్నీ చెప్పి, మీ పది సెకన్లు మండిపోనూ అన్నాను. తిట్టాక ఏడ్చాను. ట్యాంకుల వెనక చప్పుడులో ఎవరికీ వినపడదు.

గదికొచ్చేసరికి వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఊపిరి కూడదీసుకుంటోంది. స్నానాల గదిదాకా వెళ్ళొచ్చిందట. నాలుగడుగులు. "ఏమైంది?" అనలేదు, నా మొహం చూసి, "పోనీలేవే" అంది. పోనీలే అని ఎలా ఊరుకోను?

గురువారం

శేషఫణి గారి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. షిఫ్టులో ఉండగా ఒంటరిగా విన్నాను, అదే మంచిదైంది.

"హైమవతి గారూ, మీ మాటలు విన్నాను. తిట్లతో సహా విన్నాను. పర్వాలేదు లెండి, కౌంటర్లో ఇంతకన్నా ఎక్కువే తిన్న సర్వీసు నాది. రూల్సు అన్నీ తిరగేశాను. వినికిడి తక్కువున్న ఖాతాదారుల కోసం ఒక వెసులుబాటు ఉందమ్మా. వాళ్ళు జవాబు చెప్పేదాకా అధికారి సీట్లో కూర్చుని ఉంటే యంత్రం లైను కొయ్యదు. మిమ్మల్ని చెవిటావిడగా రాస్తాను, ఏమీ అనుకోకండి. అసలు రాసే అధికారం నాకుందో లేదో తెలీదు, పై నుంచి అడిగితే నేను చూసుకుంటాను. మామూలు రోజైతే ఒక్కరి కోసం అంతసేపు కూర్చోనివ్వరు. ఈ రెండో శనివారం బ్యాంకుకి సెలవు. నేనొస్తాను. మిమ్మల్ని పదేళ్ళుగా ఎరిగిన సాక్షి ఒకరు మొదట్నుంచి చివరిదాకా పక్కన కూర్చోవాలి. ఒకే ఒక్క సంగతి, నేను అడిగిందాకా మీరు నోరు విప్పకూడదు. ఇంకోసారి ముందు మాట్లాడితే యంత్రం మీ దరఖాస్తు శాశ్వతంగా కొట్టేస్తుంది."

అక్కడ ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకోటమ్మా. ఆరో ప్రశ్న ఏంటో చెప్పకూడదు, కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. భూమికి తిరిగొచ్చే ఉద్దేశం ఉందా అని అడగాలి. ఉందంటే ఈ ఖాతా రాదు. లేదంటే ఖాతా వస్తుంది, కానీ తిరిగొచ్చే హక్కున్నవాళ్ళ జాబితాలోంచి మీ పేరు తీసేస్తారు. మళ్ళీ ఎక్కించుకున్నవాళ్ళని నేనైతే చూడలేదు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది. పదేళ్ళుగా ఎరిగిన సాక్షి ఇక్కడ నాకొక్కతే ఉంది, ఆవిడ పక్కనే కూర్చుని వింటుందన్నదొక్కటే భయం. ఆ వేళకి మందుల మత్తులో కునుకు పడుతుందిలే అనుకున్నాను. గదికెళ్ళి, ఎల్లుండి ఖాతా వచ్చేస్తుందని మాత్రం చెప్పాను.

వాళ్ళకి రెండో శనివారం, మాకు ఏ వారమైతేనేం

ఇవాళ నీళ్ళ సంగతి చూడలేదు. దస్తగిరి చూశాడు.

శేషఫణి గారు ఖాళీ బ్యాంకులో ఒక్కడే కూర్చున్నాడు. వెనక కుర్చీలన్నీ ఖాళీ. తల తిప్పమన్నాడు. తిప్పాను. ఆ తర్వాత ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు. అరగంట పైన ఊరికే కూర్చోవాలి. పదకొండేళ్ళలో నేనలా ఎప్పుడూ కూర్చోలేదు. తర్వాతి జవాబు నాలుక చివర కూర్చుని దొర్లుతూ ఉంటుంది. వేళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. వదిన నా చెయ్యి తీసి తన ఒళ్ళో అదిమిపట్టుకుంది.

అమ్మ పేరు దగ్గర తప్పేపోయేది. ఆయన మంచినీళ్ళు తాగి సీసా కింద పెట్టగానే అడిగేశాడనుకున్నాను. "సీ" అనబోయాను, వదిన చేత్తో నా నోరు మూసేసింది. చెంప మీద కొట్టినంత గట్టిగా మూసింది. "చెవిటిదానివే నువ్వు! గుర్తుపెట్టుకో!" అంది చెవిలో.

మధ్యలో ఆయన టిఫిను డబ్బా విప్పాడు. సీట్లోంచి లేవకూడదు కాబట్టి మా ఎదురుగానే తిన్నాడు. మజ్జిగన్నం. "పాపం, నంచుకోవడానికేమీ తెచ్చుకోలేదు" అంది వదిన. మేం ఆ మాట మర్చిపోయిన చాలాసేపటికి ఆయన మావైపు చూసి, "మాగాయ ఉందమ్మా, అడుగున" అని నవ్వాడు. మాగాయ పేరు వినగానే ఇద్దరికీ నోట్లో నీళ్ళూరాయి.

నాలుగో ప్రశ్న అయింది, ఐదోదీ అయింది. వదిన కునుకు తీయలేదు. మందు మింగినట్టు నటించి దాచేసిందట, తర్వాత చెప్పింది. సాక్షి నిద్రపోతే ఖాతా పోతుందేమోనని.

ఆరో ప్రశ్న వచ్చింది. ఆయన కాగితం చూసి చదివాడు, మా మొహాలు చూడలేదు. "మీకు భూమికి తిరిగి వచ్చి నివసించే ఉద్దేశం ఉందా?"

"లేదు" అన్నాను.

వదిన నా చెయ్యి వదిలేసింది. "ఏం లేదు?"

"అదేదో బ్యాంకు భాషలే వదినా."

"నాకూ తెలుగొచ్చు. తర్వాతి ఓడకి వస్తానన్నావ్."

ఇక దాచి లాభం లేదు, చెప్పేశాను. టికెట్టు ఒక్కటేనని, పేరు తీసేస్తారని. ఆవిడ పెదాలు నల్లబడ్డాయి. నాకు భయమేసి నీళ్ళు ఇవ్వబోతే గ్లాసు తోసేసింది.

"ఇంకా ఆయనకి చేరలేదుగా ఆ మాట. వెనక్కి తీసుకో."

"ఎలా తీసుకుంటాను? వెనకాల ఏం పంపినా, ఆ లేదన్నదే ముందు చేరుతుంది."

"అయితే సాక్షిని నేనే. ఈ మనిషెవరో నాకు తెలీదని చెప్పేస్తాను. అప్పుడేం చేస్తావో చూస్తా!"

"చెప్పు! చెప్పి ఇక్కడే ఉండి చచ్చిపో! అన్నయ్యని పూడ్చిన చేత్తోనే నిన్నూ పూడుస్తాను, అదేగా నీక్కావాల్సింది?" అని అరిచాను. ఆవిడ మీద నేనెప్పుడూ అరవలేదు.

వదిన చాలాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నన్నొక్క మాట అడిగావటే హైమా? నువ్విక్కడే ఉండిపోతే నేను వెళ్తానో వెళ్ళనో, అడిగావా? అడిగితే ఏం చెబుతానో నీకు ముందే తెలుసు, అంతేగా. చంద్రకళ త్యాగం చేస్తుంది, వెళ్ళనంటుంది, కాబట్టి అడక్కూడదు. నా జవాబు కూడా నువ్వే చెప్పేసుకున్నావ్" అంది.

నిజమే. అచ్చంగా అలాగే అనుకున్నాను. వెళ్ళనంటుందనే దాచాను.

"సరే, అడుగుతున్నాను" అన్నాను. "నేను రాను. నువ్వు వెళ్తావా?"

అడిగాక ఎన్ని మాటలు వచ్చాయో నోట్లోకి. నీ ఇష్టం, నా గురించి బెంగపడకు, దస్తగిరి ఉన్నాడు, రోజూ మాట్లాడుకుందాం. అన్నీ మింగేశాను. తెరమీద శేషఫణి గారు, ఇంకా ఇవేమీ వినని శేషఫణి గారు, టిఫిను డబ్బా మూత బిగిస్తున్నాడు. వదిన నేలకేసి చూస్తోంది. బ్యాంకు కోసం ఆగిన ఆ పూటంతా ఒకెత్తు, ఇదొకెత్తు.

"వెళ్తాను" అంది.

తలెత్తి నన్ను చూసింది. "నాకు చావాలని లేదే. నువ్వు ఒక్కదానివే మిగిలిపోతావని తెలుసు, అయినా లేదు. ఇన్నాళ్ళూ పోనీలే పోనీలే అన్నది అబద్ధం. రాత్రుళ్ళు ఊపిరి ఆగినప్పుడల్లా భయమేస్తుంది. సిగ్గులేనిదాన్ని అనుకో."

నేనూహించిన జవాబుల్లో ఇది లేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషం వెనకే, ఈ మనిషి నిజంగా వెళ్ళిపోతుందన్న సంగతి అప్పుడే మొదటిసారి ఒంటికి తగిలింది. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. గట్టిగా ఏడవకు, ఆయాసమొస్తుంది అని నేనంటే, నువ్వు ముక్కు తుడుచుకో ముందు, బ్యాంకాయన చూస్తున్నాడు అని ఆవిడ.

ఆయన అప్పటికి చూడలేదు. తర్వాత చూశాడు. నేను లేదన్న మాట చేరగానే ఆయన వేలు ఖాతా ఖాయం చేసే మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. మేం పోట్లాడుకున్నదంతా మా కళ్ళముందే ఆయన వింటుంటే, మేమిద్దరం ఆయన్ని చూస్తూ కూర్చున్నాం. సాక్షిని నేనే అని వదిన బెదిరించినచోట ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. తర్వాత కళ్ళజోడు తీసేశాడు. వదిన వెళ్తాననేదాకా ఆ మీట నొక్కలేదు.

నొక్కాక, చేతిరుమాలుతో మొహం తుడుచుకుని ఖాతా నంబరు రెండుసార్లు చదివాడు. "టికెట్టుకి డబ్బు నేనే దగ్గరుండి ఓడ కంపెనీకి పంపిస్తానమ్మా" అన్నాడు. అన్నీ విన్న మనిషే. అయినా అడగాలి కాబట్టి అడిగాడు. "ఎన్ని టికెట్లు?"

ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగాను.

"ఒక్కటేనండీ" అన్నాను.